ఆర్టీఓ అప్రూవ్డ్ అని అమ్మిన కారు సైలెన్సర్‌పై ఫిర్యాదు

హనుమకొండ

కస్టమర్ కేర్ అధికారి గారికి,

విషయం: అనుమతి ఉందని చెప్పి అమ్మిన సైలెన్సర్ వెనక్కి తీసుకొని, సొమ్ము వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

మాది 2016 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్. పిల్లల బడి, బజారు, అప్పుడప్పుడు మా అమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లడం, దానికున్న పని ఇంతే. రేసుల మోజు మా ఇంట్లో ఎవరికీ లేదు. వెనక సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. దగ్గర దగ్గర తిరిగే బండ్లకు ఇది మామూలే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా బయటికొస్తాయి; పైపు బాగా వేడెక్కకముందే ఇంజన్ ఆపేస్తే ఆ తేమంతా డబ్బాలోనే నిలుస్తుంది. షోరూంలో అడిగితే ఒరిజినల్ రావడానికి టైం పడుతుందన్నారు. అప్పుడు హనుమకొండలోని మీ డీలర్ మీ స్టీల్ మోడల్ చూపించి, "పరేషాన్ కావద్దు సార్, ఇది ఆర్టీఓ అప్రూవ్డ్, సౌండ్ ఒరిజినల్ లెక్కనే ఉంటది" అన్నాడు. అట్ట పెట్టె మీద కూడా పెద్దక్షరాల్లో అదే మాట. బిగింపుతో కలిపి రూ.18,500 కట్టాను. బిల్లు, పెట్టె ఫొటో జత చేస్తున్నాను.

మడికొండ దాటి హైవే ఎక్కాక అసలు సంగతి తెలిసింది. ఐదో గేరులో 80 వేగానికి రాగానే కారంతా ఒకటే హోరు. అద్దాలు మూస్తే తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. వెనక సీట్లో పిల్లలు ఏమంటున్నారో ముందుకు వినపడదు. ఆలేరు వచ్చేసరికి మా అమ్మకు తల పగిలిపోయేంత నొప్పి, బండి పక్కకు ఆపాల్సి వచ్చింది.

ఇది నా అనుమానం కాదు, లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి చుట్టుకు రెండుసార్లు పెట్రోలు మండుతుంది. ఆ వేగంలో మా కారులో ఇంజన్ చుట్లు చూపే ముల్లు నిమిషానికి 2400 దగ్గరుంటుంది, అంటే సెకనుకు 80 సార్లు. ఆ లోతైన మోతను అణచడానికే ఒరిజినల్ సైలెన్సర్ లోపల గదులు, అడ్డు రేకులు పెడతారు. మీ దాంట్లోకి టార్చి వేసి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు చిల్లుల గొట్టం ఒక్కటే, దాని చుట్టూ గాజు ఉన్ని. ఆ ఉన్ని సన్నటి శబ్దాన్ని పీల్చుకుంటుంది గానీ హోరును వదిలేస్తుంది. సైలెన్సర్లు తయారుచేసే మీకు ఇది నేను చెప్పాలా?

మెయిల్ పెడితే మీ ఆఫీసు నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. శబ్దం ఎవరి ఇష్టాన్ని బట్టి వారికి ఉంటుందట. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి మీ సరుకు చట్టబద్ధమేనట. మొదటిదాన్ని మా అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు. రెండోది మాత్రం పచ్చి తప్పు. పొల్యూషన్ చెకింగ్ సెంటర్‌లో పెట్రోల్ కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. శబ్దం కొలిచే మీటరే అక్కడ ఉండదు. బండి చప్పుడుకు పర్యావరణ పరిరక్షణ నియమాల్లో వేరే పరిమితి ఉంది. తయారీ దశలో మా కారులాంటి దానికి అది 74 డెసిబెళ్లు. మీ సైలెన్సర్‌తో ఆ పరీక్ష ఎక్కడ చేయించారు, ఏ సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది? రెండుసార్లు అడిగినా కాగితం పంపలేదు.

ఈలోగా ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపారు. పెట్టె మీది మాట చెబితే ఎస్సై గారు నవ్వి, ఈసారికి వదిలేస్తున్నా, వెంటనే మార్పించు అన్నారు. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, ఆయన తప్పేం లేదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద కేసు రాసి ఉంటే రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత పడేది నాకు, మీకు కాదు. బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు పట్టుకొని రోడ్ రోలర్‌తో తొక్కిస్తున్న రోజులివి. పిల్లల్ని బడికి దింపే కారుతో ఆ వరుసలో నిలబడాలా?

ఇంటికి దగ్గర్లోని మెకానిక్ దగ్గర ఇప్పుడు ఒరిజినల్ సైలెన్సర్ వేయించుకున్నాను. కాబట్టి మార్చి ఇస్తాం, ఇంకో మోడల్ ఇస్తాం, కూపన్ ఇస్తాం అనకండి. నేను కట్టిన రూ.18,500 పూర్తిగా వాపసు ఇవ్వాలి. మీది విప్పి ఒరిజినల్ బిగించినందుకు అయిన కూలి రూ.1,200 కూడా ఇవ్వాలి, రసీదు జతచేశాను. అనుమతి పత్రం చూపలేకపోతే పెట్టెల మీద ఆ మాట తీసేయాలి. ఇది నా డబ్బుకు సంబంధించింది కాకపోయినా అడుగుతున్నాను, ఎందుకంటే మీ డీలర్ షాపులో ఆ పెట్టెలు ఇంకా వరసగా పేర్చి ఉన్నాయి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా నేను ఉండే చోటే కేసు వేయొచ్చు. రూ.5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

మీ సైలెన్సర్ గీత పడకుండా మా ఇంట్లోనే ఉంది. ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం ఆరు తర్వాత మనిషిని పంపి తీసుకెళ్లవచ్చు. వచ్చేముందు ఫోన్ చేయమనండి.

ఇట్లు,
(సంతకం)

జత: బిల్లు, పెట్టె ఫొటో, మెకానిక్ రసీదు, మీ మెయిల్ ప్రతి