రోజూ సున్నా నుంచి మొదలుపెట్టకు తల్లీ

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో "డిజైన్ పనికి పాత క్లయింట్లు మళ్లీ రావట్లేదు నాన్నా, పొద్దున్నే లాప్‌టాప్ తెరవాలంటేనే విసుగ్గా ఉంటోంది" అన్నావు, ఈలోగా మీ అమ్మ ఫోన్ లాక్కుంది, నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయింది. నువ్వు అవి రెండు వేరే వేరే బాధలనుకుంటున్నావు గానీ నాకైతే రెండూ ఒకటే అనిపిస్తోంది.

మన ప్రింటింగ్ ప్రెస్‌లో నా దగ్గర ఒక లావుపాటి రిజిస్టర్ ఉండేది గుర్తుందా, చిన్నప్పుడు దాని వెనక పేజీల్లో బొమ్మలేసి చీవాట్లు తిన్నావు. అందులో పార్టీకో పేజీ, అంటే కస్టమర్‌కొకటి. ఏ కాగితం, ఎన్ని జీఎస్ఎమ్ (కాగితం బరువు లెక్క), నీలం రంగు ఏ పాళ్లలో కలిపాం, పేరులో ఒత్తు ఎక్కడ, చివరికి "ఈయన ప్రూఫ్ (అచ్చుకి ముందు తప్పులు చూసుకునే కాపీ) చూడ్డానికి బద్ధకిస్తాడు, రెండుసార్లు ఫోన్ చెయ్యాలి" అని కూడా రాసుకునేవాణ్ణి. రెండేళ్ల తర్వాత ఎవరో ఫోన్ చేసి "పాతదే మళ్లీ వేసెయ్యండి" అంటే ఇంకో ప్రశ్న అడక్కుండా వేసిచ్చేవాణ్ణి. నాకంటే తక్కువకి చేసేవాళ్లు ఉన్నారు, నాకంటే బాగా చేసేవాళ్లూ ఉన్నారు, కానీ వాళ్ల దగ్గరికెళ్తే కథంతా మొదట్నుంచీ చెప్పుకోవాలి. నన్ను సగం మంది వదలకపోవడానికి కారణం నా పనితనం కాదు, వాళ్ల ఆ బద్ధకమే అని ఇప్పటికీ నా అనుమానం.

నువ్వేమో పాత కస్టమర్‌కి కూడా కొత్తవాళ్లకి పంపే ఫారమే పంపిస్తున్నావు, మీ వ్యాపారం ఏంటి, మీకు ఏ రంగులు ఇష్టం అని. ఏడాది కింద నీకు ఇవన్నీ చెప్పిన మనిషి అది చూసి ఏమనుకుంటాడు? ఓహో నన్ను మర్చిపోయింది అనుకుంటాడు, అలాంటప్పుడు ఎవరి దగ్గరికెళ్తే ఏం అనుకుంటాడు. దాని మీద మళ్లీ డిస్కౌంట్ మెసేజులు ఒకటి. డిస్కౌంట్ చూసి వచ్చినవాడు ఇంకో డిస్కౌంట్ చూసి పోతాడమ్మా, వాడి తప్పేం లేదు, మనం నేర్పిందే అది.

ఒకసారి ఒక పార్టీకి లెటర్‌హెడ్‌లు డెలివరీ ఇచ్చేశాక, మిగిలిన షీటు వెనక లెక్కలు రాసుకుంటూ తిప్పి చూస్తే ఫోన్ నంబర్లో 6 ఉండాల్సిన చోట 9 ఉంది. వాళ్లింకా చూసుకోలేదు. ఒక గంట కూర్చున్నా, చెప్పనా వద్దా అని, అబద్ధమెందుకు, వద్దనే ఎక్కువ అనిపించింది. చివరికి నేనే ఫోన్ చేసి చెప్పి, రాత్రికి రాత్రి మళ్లీ వేసిచ్చా, ఆ నెల లాభం అందులోనే పోయింది. ఆ పార్టీ తర్వాత పదకొండేళ్లు నా దగ్గరే చేయించుకుంది. అలాగని తప్పుచేసి సరిదిద్దితే కస్టమర్ ఇంకా గట్టిగా అతుక్కుంటాడు అని కొందరు చెప్పేది పూర్తిగా నమ్మకు, అదే తప్పు రెండోసారి జరిగితే వాళ్లు ఉండేవాళ్లు కాదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నాకు భలే నచ్చిన ఒక ప్రయోగం ఉంది. నూనెస్, డ్రెజ్ అని ఇద్దరు మార్కెటింగ్ ప్రొఫెసర్లు 2006లో ప్రచురించారు. ఒక కార్ వాష్‌లో 300 మందికి స్టాంపుల కార్డులిచ్చారు. సగం మందికి 8 ఖాళీ గడుల కార్డు, మిగతా సగానికి 10 గడుల కార్డు, కానీ రెండు స్టాంపులు ముందే కొట్టి ఉన్నాయి. ఎవరైనా ఇంకా 8 సార్లు రావాల్సిందే, తేడా ఏం లేదు. అయినా ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం పూర్తి చేస్తే, రెండు స్టాంపులవాళ్లలో 34 శాతం పూర్తి చేశారట! ఆల్రెడీ మొదలైపోయింది అనిపిస్తే మనిషి అంత తేలిగ్గా సగంలో వదలడు. కార్డులు అచ్చేయించమని కాదు నేను చెప్పేది, నీ పాత కస్టమర్‌కి "మీ లోగో ఫైళ్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, కొత్త సైజులు కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి చాలు" అని రాయి, అతని కార్డు మీద రెండు స్టాంపులు పడ్డట్టే.

ఇక నీ పొద్దున విసుగు సంగతి. నేను రాత్రి షట్టర్ దించేముందు మర్నాటి జాబ్‌కి కాగితం కోయించి మెషిన్ పక్కన పేర్పించి, అచ్చు ప్లేట్ రెడీ చేయించి, జాబ్ చీటీ పైన పెట్టి వెళ్లేవాణ్ణి. పొద్దున వచ్చాక స్విచ్ వెయ్యడమే, మూడ్ ఉందా లేదా అని ఆలోచించే టైమే దొరికేది కాదు. అలా పెట్టుకోని రోజు చూడాలి, టీ అని, పేపర్ అని, వాళ్లతో వీళ్లతో కబుర్లని, పదకొండైనా మెషిన్ తిరిగేది కాదు. నువ్వు రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని అంతా పూర్తిచేసి పడుకుంటావు, పొద్దున లేస్తే ఎదురుగా తెల్ల స్క్రీన్, మరి విసుగు రాదా? ఒక డిజైన్ సగంలో వదిలెయ్, రేపు ఏం చెయ్యాలో దాని పక్కనే ఒక ముక్క రాసి పెట్టి పడుకో. ఒంట్లో బాలేని రోజు మాత్రం ఇవేవీ పట్టించుకోకు, రెస్ట్ తీసుకో.

బాకీల వసూలు గురించి కూడా రాద్దామని మొదలుపెట్టా, నీకు అడగాలంటే మొహమాటం కదా, కానీ మీ అమ్మ మూడోసారి పిలుస్తోంది. సగం పేరా ఇక్కడే టైప్ చేసి ఉంచా, రేపు పొద్దున అక్కణ్ణుంచి మొదలుపెడతా.

మీ నాన్న