31,000 మైళ్ల కారు గురించి

కొలంబస్, ఒహాయో

ప్రియమైన మిత్రమా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ రాత్రి తీరిగ్గా చూశాను. 2002 నాటి పోర్షా 911, ముదురు నీలం రంగు, మాన్యువల్ గేర్లు, ఓడోమీటర్ మీద 31,000 మైళ్లు. వానకు తడవకుండా, ఎండకు ఎండకుండా గ్యారేజీలో దుప్పటి కప్పి ఉంచామని అమ్మేవారు గర్వంగా రాసుకున్నారు. నువ్వు మురిసిపోయింది ఆ మాటకే అనుకుంటాను. నన్ను భయపెట్టిందీ ఆ మాటే. ఏడేళ్ల క్రితం నేను 96,000 మైళ్లు తిరిగిన, పోర్షా వారిదే అయిన 2003 బాక్స్‌టర్ ఎస్ కొన్నప్పుడు, ఎవరో అరగదీసి వదిలేసిన బండి తెచ్చుకున్నావని నువ్వు నవ్వావు. ఆ నవ్వుకు జవాబు ఇన్నాళ్లకు రాస్తున్నాను.

మన రెండు కార్ల ఇంజన్లూ ఒక కుటుంబానివే. ఎం96 అని పిలిచే ఈ ఆరు సిలిండర్ల ఇంజను 1996లో బాక్స్‌టర్‌తో వచ్చి, ఆ వెంటనే 911లోకి చేరింది. అంతవరకు గాలితో చల్లబడిన 911 దీనితోనే నీటికి మారింది. దీని అడుగున ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు ఒకటి ఉంటుంది. పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, దాన్ని తిప్పుతుంది; అది గొలుసుల ద్వారా, వాల్వులను తెరిచి మూసే కామ్ షాఫ్టులను తిప్పుతుంది. ఆ షాఫ్టుకు ఒక చివర గ్రీజు నింపి సీలు వేసిన బాల్ బేరింగ్ పెట్టారు. ఏళ్ల తరబడి వేడి ఆయిల్ మధ్య ఉండి ఉండి సీలు గట్టిపడుతుంది, గ్రీజు కరిగిపోతుంది, దాని స్థానంలో లోపలికి దిగిన ఆయిల్ అక్కడే చిక్కుకుని కుళ్లుతుంది. నువ్వు ఇంజనులో ఎంత ఖరీదైన కొత్త ఆయిల్ పోసినా ఆ బేరింగ్‌కు అందేది అంతంత మాత్రమే. గోళీలు అరిగి, షాఫ్ట్ ఊగి, చివరికి మధ్యలోని బోల్టు తెగిందంటే వాల్వులకూ పిస్టన్లకూ మధ్య టైమింగ్ తప్పి వాల్వులు వెళ్లి పిస్టన్లను గుద్దుతాయి. అప్పుడు మరమ్మతు ఖర్చు కారు ధరతో పోటీకి దిగుతుంది.

మొదటి ఇంజన్లలో ఈ బేరింగ్‌కు రెండు వరుసల గోళీలు ఉండేవి. 2000, 2001 ప్రాంతంలో ఒకే వరుసకు దిగారు. ఎక్కువ అపఖ్యాతి దీనిదే, నీ 2002 కారు కూడా ఈ కోవలోదే. తర్వాత పెట్టిన పెద్ద బేరింగ్ గట్టిదే కానీ, ఇంజనును రెండుగా విప్పితే తప్ప బయటికి రాదు. 2009 మోడల్ ఇంజన్లలో అసలు ఆ షాఫ్టునే తీసేశారు. ఇక్కడి యజమానులు 2001 నుంచి 2005 వరకున్న మోడళ్ల మీద వేసిన సామూహిక దావాలో 2013లో రాజీ కుదిరింది. దాని గడువులు ఎప్పుడో తీరిపోయాయి కనుక అందులోంచి నీకు పైసా రాదు. అదే కాలపు 911 టర్బో, 911 జీటీ3 కార్లలో పోర్షా ఇంజనీరు హన్స్ మెట్స్‌గర్ పేరుతో పిలిచే వేరే ఇంజను ఉంది. దానికి ఈ జబ్బు లేదు, దాని ధర మన జేబుకు అందదు.

ఇక మైళ్ల సంగతి. ఇంజనులో పెట్రోలు మండినప్పుడల్లా కొంత నీటి ఆవిరి, కొంత మండని పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతాయి. బండి అరగంటకు పైగా హైవే మీద నడిస్తే ఆ వేడికి అవి ఆవిరై బయటికి పోతాయి. నెలకోసారి వీధి చివరిదాకా తిప్పి తెచ్చి పెట్టే బండిలో మాత్రం ఆ నీళ్లు, ఆమ్లాలు ఆయిల్‌లోనే ఉండి బేరింగును తింటాయి. రబ్బరు సీళ్లు, ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకు కూడా మైళ్లను లెక్కపెట్టవు, ఏళ్లనే లెక్కపెడతాయి. మా నాన్నగారి ఆయిల్ ఇంజను నీకు గుర్తుండే ఉంటుంది. కాలువ నిండుగా పారే రోజుల్లో కూడా వారానికోసారి హ్యాండిల్ వేసి తిప్పి, పొగ నల్లదనం తగ్గి ఇంజను వేడెక్కేదాకా ఆడించేవారు. డీజిలు దండగని అమ్మ గొణుగుతూనే ఉండేది.

అలాగని ఎక్కువ తిరిగిన బండి అంతా మంచిదే అని నేను అనను. ఈ ఇంజన్ల సిలిండర్ గోడలు లోకాసిల్ అనే పద్ధతిలో, అల్యూమినియంలో సిలికాన్ రేణువులు పొదిగి చేసినవి. పిస్టన్ మీది పూత పోతే గోడకు గీతలు పడతాయి. చలికాలం ఉదయాన స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కేవారి చేతిలో ఈ జబ్బు త్వరగా వస్తుంది. టిక్ టిక్ మనే చప్పుడు, ఒకవైపు పొగగొట్టానికే మసి, మాటిమాటికీ ఆయిల్ తగ్గడం దీని ఆనవాళ్లు. స్పార్క్ ప్లగ్ రంధ్రాల్లోంచి సన్నటి కెమెరా పంపి చూడనిదే ఈ ఇంజనుకు డబ్బు కట్టకు.

కొనేముందు నేను చేసిన పని ఒకటి చెబుతాను. అమ్మే ఆయనను ఒప్పించి, ఆయిల్ ఫిల్టర్ విప్పించుకుని ఇంటికి తెచ్చాను. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, చీర కుచ్చిళ్లలా మడతలు పడ్డ ఆ ఫిల్టర్ కాగితాన్ని కత్తితో కోసి, ఒక్కో మడతా విప్పి టార్చి వెలుగులో చూశాను. రెండు మూడు గోధుమరంగు ప్లాస్టిక్ తునకలు కనిపించాయి, అవి గొలుసు ఆనుకుని తిరిగే ప్యాడ్లవి, భయం లేదు. అయస్కాంతం ఆడించాను, ఏమీ అంటుకోలేదు. ఉక్కు మెరుపులు అంటుకుని ఉంటే అది బేరింగ్ ఏడుపు అన్నమాట. బల్ల మీది ఆయిల్ మరకకు మా ఆవిడ ఇప్పటికీ నన్ను క్షమించలేదు. అంతకుముందు చూసిన కారు యజమాని ఫిల్టర్ ముట్టుకోనివ్వలేదు. ఆ కారు 40,000 మైళ్లదే అయినా నమస్కారం పెట్టి వచ్చేశాను.

నీ కారుకు ఇంకొక పరీక్ష ఉంది. ఇంజను కంప్యూటర్‌లో అది ఎన్ని గంటలు నడిచిందో నమోదై ఉంటుంది. 31,000 మైళ్లను ఆ గంటలతో భాగించు. 1,000 గంటలైతే సగటున గంటకు 31 మైళ్లు, ఫరవాలేదు. 1,700 గంటలైతే 18 మైళ్లు, అంటే అంతా సందుల్లో చల్లటి ఇంజనుతో తిరిగిన బతుకే. అదే చోట, పై గేరులోంచి పొరపాటున కింది గేరులో వేసి ఇంజనును హద్దు మీరి తిప్పిన సందర్భాలు కూడా కనిపిస్తాయి. ఎరుపు గీత దగ్గర ఆగిన వాటిని పట్టించుకోకు, దానికి బాగా పైన నమోదైనవి ఉంటే ఎప్పుడు జరిగాయో అడుగు.

బేరింగ్ మార్చారని చెబితే బిల్లు చూపమను. దానికి గేర్‌బాక్స్ దించాలి కనుక, అదే చేత్తో క్లచ్, ఇంజను వెనుక ఉండే ఆయిల్ సీలు కూడా మార్చారో లేదో బిల్లే చెబుతుంది. మార్చకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడుగు.

శనివారం ఉదయం ఫోన్ చేస్తాను. అప్పటికి ఆ గంటల లెక్క, సిలిండర్ల ఫొటోలు తెప్పించి ఉంచు. డాలస్‌లోనే 88,000 మైళ్ల కారు ఇంకొకటి ఉందని, దాని బిల్లులు ఒక ఫైలు నిండా ఉన్నాయని రాశావు కదా, ఆ కారు యజమాని నంబరు కూడా పారేయకు.

నీ మిత్రుడు