చెరువుల్లో గుడ్డు పెట్టని చేపలెందుకు? మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తాటిపూడి, మడ్డువలస జలాశయాల్లో, మా విజయనగరం జిల్లా ఊరచెరువుల్లో గొడ్డు చేపపిల్లల్ని వేస్తే త్వరగా బరువొస్తాయి, ఎక్కువకాలం బతుకుతాయి అని ఎవరైనా మీ ముందుకు ఫైలు తెస్తే, సంతకానికి ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

ఇలా గొడ్డు చేయడానికి చేపపిల్లకు ఆపరేషన్ చేయరు. గుడ్డు ఫలదీకరణం జరిగిన కొద్ది నిమిషాలకే దాన్ని వేడినీటిలోనో, చన్నీటిలోనో, బాగా ఒత్తిడిలోనో కాసేపు ఉంచుతారు. గుడ్డు బయటికి నెట్టేయాల్సిన క్రోమోజోముల వరస లోపలే ఉండిపోతుంది. శీలావతికి 50 ఉండాల్సినవి 75 అవుతాయి, అందుకే అది గొడ్డుదవుతుంది. అదను తప్పితే కొన్ని గుడ్లు చస్తాయి, కొన్ని మామూలు పిల్లలే అవుతాయి. చూపుకు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. రక్తపు చుక్క తీసి ఎర్రకణాల సైజు కొలవడం లాంటి పరీక్ష చేస్తేనే తేడా తెలుస్తుంది. పిల్లలున్న ఆక్సిజన్ కవర్లు దించుకునే చెరువుగట్టు మీద ఆ పరీక్ష చేసేదెవరు?

గుడ్డుకు పోయే సత్తువ కండకు మళ్లేది చేప ఈడుకొచ్చాకే. బొచ్చె, శీలావతి ఈడుకు రావడానికి సుమారు రెండేళ్లు. వానకు నిండి వేసవికి అడుగంటే చెరువులో ఎనిమిది, పది నెలలకే పట్టేస్తాం. ఇక లాభమెక్కడ? అదీ ఆడవాటిలోనే ఎక్కువ. మగవాటిలో హార్మోన్లు చాలావరకు మామూలుగానే పనిచేస్తాయి.

ఎక్కువకాలం బతకడం అంటారా, ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోయే కోకనీ సాల్మన్ అనే చేపకు బీజకోశాలు తీసేస్తే ఎనిమిదేళ్ల దాకా బతికిందని 1961లోనే అమెరికాలో తేలింది. మన బొచ్చె, మోసు అలా చచ్చే జాతి కాదు. పైగా నిలవనీటిలో అవి గుడ్లే పెట్టవు, అందుకే హేచరీలో ఇంజెక్షన్ చేస్తారు. చెరువు నిండా పిల్లలు చేసే బెడద తిలాపియాది.

మే నెల తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. గొడ్డు చేపలో ఎర్రకణాలు పెద్దవే గానీ సంఖ్య తక్కువ. వేడికీ, ఆక్సిజన్ లోటుకూ ముందు తేలిపోయే ప్రమాదం వాటికే ఎక్కువ.

ఆ డబ్బుతో 80–100 మిల్లీమీటర్ల పిల్ల ఇప్పించండి. 30 మిల్లీమీటర్ల పిల్ల కొర్రమేనుకూ వాలుగకూ మేతే. చెరువు నిండగానే, ఆగస్టు, సెప్టెంబరుల్లో రావాలి. నవంబరులో దిగిన పిల్లకు పెరిగే నెలలుండవు. అలుగుకు అడ్డంగా వల కట్టించండి. కవర్లు విప్పే ముందు అరగంటైనా చెరువునీటిలో తేలనివ్వాలని, పిల్లల లెక్కింపు మత్స్యకారుల సంఘం మనుషుల ఎదుటే జరగాలని ఉత్తర్వులో రాయించండి.

ఇట్లు,
విజయనగరం జిల్లా చెరువుల మత్స్యకారులు