వ్యాన్‌లో ఎక్కించడంతో యాచన ఆగదు

సంపాదకులకు నమస్కారం.

యాచకులను వ్యాన్లలో ఎక్కించి ఊరి చివరి కేంద్రంలో దించుతున్నారు. నాలుగు రోజులకే వాళ్లు మళ్లీ అదే సిగ్నల్ దగ్గర కనిపిస్తారు. దానికి పెద్ద కారణం వాళ్ల మూట. అందులో దుప్పటి, మందుల చీటీ, చిరిగిన రేషన్ కార్డు ఉంటాయి. తరలించేటప్పుడు దాన్ని చెత్తబండిలో పడేస్తే ఆ మనిషికి మిగిలిన ఆధారం కూడా పోతుంది. మూట భద్రంగా లేని చోట మనిషి నిలవడు. అందుకే వసతి కేంద్రంలో మంచంతో పాటు తాళం వేసుకునే పెట్టె తప్పనిసరిగా ఉండాలి.

జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం 100 మందికి శాశ్వత వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, 24 గంటల సేవ ఉండాలన్నాయి. పొద్దున్నే తలుపులు మూసేస్తే జ్వరంతో ఉన్న ముసలమ్మ పగలంతా ఎక్కడ పడుకుంటుంది?

కేంద్రానికి వచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు చాలా జాగ్రత్తగా ఉండాలి. రోజూ బాగా తాగేవారికి మద్యం హఠాత్తుగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి కేకలు పెట్టవచ్చు. పొగరనుకుని గదిలో పెట్టి గొళ్లెం వేస్తే ప్రాణమే పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రోజుల తరబడి పస్తులున్నవారికి జాలితో ఒకేసారి కడుపు నిండా పెట్టడమూ ప్రమాదమే. ఒంట్లో లవణాలు తారుమారై గుండె మీద పడుతుంది. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా పెంచాలి. జుట్టు అట్టకట్టి పేలు పట్టినా సరే, అడగకుండా గుండు కొట్టించకండి. అలా చేస్తే మనిషికి మన మీద నమ్మకం పోతుంది, ఆ రాత్రే వెళ్లిపోతాడు.

మానసిక అనారోగ్యంతో తమను తాము చూసుకోలేక తిరిగేవారి గురించి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 స్పష్టంగా చెబుతోంది. పోలీసులు వారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. నిరాశ్రయులైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. కేంద్రాల నిర్వాహకులు ఈ ఎఫ్‌ఐఆర్ నకలు అడిగి తీసుకోవాలి. ఇంటికి చేరే దారి చాలామందికి అదే.

ఇక ఆధార్. గుర్తింపు పొందిన వసతి కేంద్రం అధికారి ఫొటోతో ఇచ్చే ధ్రువపత్రం దీనికి చెల్లుతుంది. కుష్ఠుతో వేళ్లు పోయినవారిని వేలిముద్ర పడలేదని తిప్పి పంపకూడదు, వారికి మినహాయింపు పద్ధతిలో నమోదు చేయవచ్చు. ఆధార్ ఉంటే పింఛను, బ్యాంకు ఖాతా సులువవుతాయి. పింఛను చేతికందే దాకా కేంద్రం నుంచి ఎవరినీ పంపేయవద్దని మున్సిపల్ అధికారులకు మా విన్నపం.

– నిరాశ్రయుల సేవలో ఉన్న కార్యకర్తలు