ఇంటి కంప్యూటర్ల సహాయ విభాగం: 2025-26 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సంఘ సభ్యులకు నమస్కారం.

మన కాలనీ నివాసుల సంఘం తరఫున ప్రతి ఆదివారం ఉదయం సభా గదిలో నడుస్తున్న కంప్యూటర్ల సహాయ విభాగం ఈ ఏడాది చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. కాలువ గట్టు శుభ్రత, వీధి దీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ వంటి వాటి వివరాలు అధ్యక్షులవారి నివేదికలో ఉన్నాయి కాబట్టి, నేను ఒక్క విషయానికే పరిమితమవుతాను. అది మీట నొక్కినా లేవని కంప్యూటరు. మన బల్ల మీదికి నెమ్మదించినవి, ప్రింటరుతో మాట్లాడనివి కూడా వచ్చాయి గాని, సభ్యులను నిజంగా కంగారు పెట్టినవీ, అక్కరలేని ఖర్చు పెట్టించినవీ ఈ లేవని కంప్యూటర్లే.

మొదట ఒక విన్నపం. ‘సిస్టమ్ డెడ్ అయిపోయిందండి’ అని ఫోను చేసే సభ్యుల మాటకు మాకు ఏ అర్థమూ తెలియడం లేదు. అసలు దీపమే వెలగకపోవడం వేరు, ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగా ఉండడం వేరు, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు రెండు వరుసలు వచ్చి ఆగిపోవడం వేరు, విండోస్ గుర్తు కింద చుక్కలు గిరగిరా తిరుగుతూనే ఉండిపోవడం వేరు. మొదటిది కరెంటుకు సంబంధించినది, రెండోది సాధారణంగా ర్యామ్‌కో (పని చేస్తున్నంతసేపు సమాచారం ఉంచుకునే మెమరీ కార్డు) మానిటరుకో సంబంధించినది, మూడోది హార్డ్‌డిస్కు వైపు చూడమని చెబుతుంది, నాలుగో దానిలో యంత్రం బాగానే ఉండి లోపలి విండోస్ చెడి ఉండవచ్చు. ఈ నాలుగింటిలో ఏదో చెబితే చాలు, సగం పని ఇంటి దగ్గరే అయిపోతుంది. తెర మీద వచ్చిన అక్షరాలను సెల్‌ఫోనుతో ఫొటో తీసి తెచ్చిన సభ్యులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలన్నది మేము పెట్టుకున్న నియమం. ఈ నియమాన్ని మొదట తప్పినవాడిని నేనే. వేసవిలో మా ఇంటి కంప్యూటరు కదలక పోతే, సీపీయూ డబ్బా మరలు విప్పి, ర్యామ్ తీసి, తీగలన్నీ ఊడబీకి, గంటసేపు చెమటోడ్చిన తరువాత, వెనుక ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె) పక్కన ఉండే చిన్న నల్ల స్విచ్చు సున్నా వైపు నొక్కి ఉందని మా ఇంటావిడ చూపించింది. ఇల్లు తుడిచినప్పుడు చీపురు తగిలిందట. అప్పటి నుంచి ఎవరు ఏది తెచ్చినా ముందు ప్లగ్గు, తరువాత కేబులు, తరువాత ఆ స్విచ్చు చూసి గాని స్క్రూడ్రైవరు పట్టడం లేదు.

ప్లగ్గులో కరెంటు ఉందని టెస్టరు పెట్టి నిర్ధారించుకునే సభ్యులు ఒక సంగతి గమనించాలి. టెస్టరు వెలిగిందంటే ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ, పనిచేస్తోందని మాత్రమే అర్థం. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగి ఉన్నా టెస్టరు వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటరు మాత్రం కదలదు. అందుకని అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెట్టి చూడడమే నమ్మదగిన పరీక్ష.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మన కాలనీలో ఆ రాత్రి గాలి కంటే, ఆ తరువాత పోతూ వస్తూ ఉన్న కరెంటే కంప్యూటర్లకు ఎక్కువ చేటు చేసింది. స్తంభాల మీద న్యూట్రల్ తీగ వదులైతే ఒక ఇంటికి 230 వోల్టులకు బదులు 300 దాటి రావచ్చు. అదే సమయంలో పక్క ఇంట్లో బల్బు మినుకుమినుకుమంటూ ఉంటుంది. అటువంటి దెబ్బను ముందుగా తినేది ఎస్‌ఎంపీఎస్. అది తన లోపలి ఫ్యూజును పోగొట్టుకుని చాలాసార్లు వెనుకనున్న మదర్‌బోర్డును (భాగాలన్నీ తగిలించి ఉండే ప్రధాన బోర్డు) కాపాడుతుంది. తుపాను తరువాతి ఆదివారం వచ్చిన డబ్బాల్లో ‘బోర్డు పోయింది’ అని ఎవరో చెప్పి పంపినవి, ఎస్‌ఎంపీఎస్ మార్చగానే లేచి కూర్చున్నాయి.

ఎస్‌ఎంపీఎస్ పోయిందో లేదో తేల్చే పద్ధతిని ఆసక్తి ఉన్నవారికి చూపించాము. కరెంటు తీసేసి, మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరును ఊడదీసి, అందులోని ఆకుపచ్చ తీగ రంధ్రాన్ని ఏదైనా నల్ల తీగ రంధ్రంతో చిన్న తీగ ముక్కతో కలిపి, అప్పుడు కరెంటు ఇస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరగాలి. మల్టీమీటరులో పసుపు తీగ మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వోల్టులు, 5 శాతం అటూ ఇటూగా, కనిపించాలి. అయితే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులోని పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనుక 115, 230 అని రాసి ఉండే ఎర్ర మీట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక సభ్యుని మనవడు సెలవులకు వచ్చి దాన్ని 115 వైపు జరిపాడు. స్విచ్చు వేయగానే టపాసు పేలినట్టు చప్పుడై, గది నిండా కమురు వాసన వచ్చిందట. దానికి మా దగ్గర మందు లేదు, కొత్తది కొనిపించాము.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన రెండో శత్రువు తేమ. గౌతమికీ వశిష్ఠకూ సముద్రానికీ నడుమ ఉన్న ఈ నేలలో, ముసురు పట్టిన రోజుల్లో గోడలే చెమటలు పోస్తుంటే ఇనుప డబ్బా లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. తోట వైపు గదిలో కంప్యూటరు పెట్టుకున్న రిటైర్డు మాస్టారు ఒకరు శ్రావణంలో తమ సీపీయూను రిక్షాలో తెచ్చారు. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగానే ఉంది, లోపలి చిన్న స్పీకరు మాత్రం ఆగి ఆగి పొడుగ్గా కూస్తోంది. పక్క రేకు తీసి చూస్తే మూలన బల్లి గుడ్ల పెంకులు రెండు, ప్రాసెసరు ఫ్యాను రెక్కల సందున దూది పరిచినట్టు దుమ్ము, మరల తలల మీద తుప్పు కనిపించాయి. ర్యామ్ కార్డు తీసి, దాని అంచున వరుసగా ఉండే బంగారు రంగు పట్టీలను పిల్లల పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్దితే రబ్బరు నల్లబడింది. ఆ పొడి అంతా కుంచెతో దులిపి, కార్డును రెండు చివరల క్లిప్పులూ టక్కుమనే దాకా నొక్కి పెట్టాము. కూత ఆగి తెర వెలిగింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, ‘దీనికి మూడు వేలు అడిగారయ్యా’ అన్నారు.

ఈ కూతలకు అర్థాలు, కంప్యూటరు లేవగానే ముందుగా నడిచే బయాస్ అనే ప్రోగ్రామును తయారుచేసినవారిని బట్టి మారతాయి కాబట్టి, ఎన్నిసార్లు పొడుగ్గా, ఎన్నిసార్లు పొట్టిగా కూసిందో రాసి తెస్తే చాలు. ఈమధ్య వస్తున్న చాలా డబ్బాల్లో స్పీకరే ఉండదు; కొన్నిటిలో దానికి బదులు బోర్డు మీద చిన్న దీపాలు వెలుగుతాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారు మానిటరు కేబులును మదర్‌బోర్డుకు కాక ఆ కార్డుకే తగిలించారో లేదో చూసుకోవాలి.

ఈ ఏడాది మాకు ఎక్కువ పాఠం నేర్పినది ఒక బొత్తం బ్యాటరీ. మన సభ్యుల్లో కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన తమ కంప్యూటరు ‘బూట్ డివైస్ లేదు’ (మొదలుపెట్టడానికి డిస్కు దొరకలేదు) అన్న అర్థం వచ్చే వాక్యం దగ్గర ఆగిపోతే ఒక దుకాణానికి తీసుకువెళ్లారు. అక్కడ డిస్కు పోయిందనీ, అంతా చెరిపి ఫార్మాట్ కొట్టాలనీ, లోపలి లెక్కల మీద ఆశ వదులుకోమనీ చెప్పారు. ‘ఆయ్, కొబ్బరికాయల దింపు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయండి బాబూ, రైతులకు నేనేం చెప్పను’ అంటూ ఆయన డబ్బాను మా దగ్గరికి తెచ్చారు. బయాస్‌లోకి వెళ్లి చూస్తే డిస్కు పేరు జాబితాలో స్పష్టంగా కనబడుతోంది. అంటే డిస్కు బోర్డుతో మాట్లాడుతోంది. గడియారం మాత్రం పదేళ్లు వెనక్కి పోయి జనవరి 1 చూపిస్తోంది. అసలు దోషం అక్కడ ఉంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ, కంప్యూటరుకు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడుపుతుంది. పాత బోర్డుల్లో బయాస్ అమరికలను నిలబెట్టేది కూడా అదే. అది నీరసించి, తుపాను రోజుల్లో ప్లగ్గు కూడా పీకి ఉండడంతో అమరికలన్నీ చెరిగిపోయి, బోర్డు తన పుట్టుకనాటి అమరికకు వెళ్లిపోయింది. ఆయన విండోస్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో వేసినది. బోర్డు పుట్టుకనాటి అమరిక యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో మాత్రమే వెతుకుతుంది. డిస్కు ఉంది, విండోస్ ఉంది, వెతికే తీరు మారిపోయింది, అంతే. కొత్త బ్యాటరీ వేసి, బూట్ పద్ధతిని లెగసీకి మార్చి, తేదీ సరిచేసి మళ్లీ మొదలుపెడితే రెండు నిమిషాల్లో దింపు లెక్కలు తెర మీద ఉన్నాయి. ఆ డిస్కును ఫార్మాట్ చేసి ఉంటే కూడా కంప్యూటరు లేచేదే, లెక్కలు మాత్రం ఉండేవి కావు. అందుకే, లోపలి ఫైళ్లకు నకలు తీయకుండా ఫార్మాట్ అనే మాటకు ఎవరూ ఒప్పుకోవద్దని కార్యవర్గం తీర్మానించింది.

డిస్కు నిజంగానే పోతున్న సందర్భాలు లేకపోలేదు. టక్, టక్ అని గడియారంలా కొట్టుకునే హార్డ్‌డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడడం మంచిది కాదు. ప్రతి ప్రయత్నమూ సమాచారం ఉండే లోపలి పళ్లేన్ని ఇంకాస్త గీయవచ్చు. అటువంటి ఒక డిస్కు నుంచి పెళ్లి ఫొటోలు సగమే బయటికి తీయగలిగాము, మిగిలినవి రాలేదు. ఆ కుటుంబానికి ఈ సభాముఖంగా మా విచారం తెలుపుతున్నాను. డిస్కుతో గొడవ అనుకునే ముందు యూఎస్‌బీ రంధ్రంలో పెన్‌డ్రైవు మరిచిపోయారేమో చూడండి. బూట్ వరుసలో అది ముందుంటే కంప్యూటరు దాన్నే తడుముతూ కూర్చుంటుంది.

విండోస్ పాడైన కేసుల్లో ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. మొదలవుతుండగా వరుసగా కొన్నిసార్లు ఆగిపోతే విండోస్ తానే రిపేరు తెరను చూపిస్తుంది, అక్కడి నుంచి సేఫ్ మోడ్‌లోకి (అవసరమైన వాటితో మాత్రమే మొదలయ్యే పద్ధతి) వెళ్లి, చివరగా వేసిన అప్‌డేటునో డ్రైవరునో తీసేస్తే చాలావరకు సరిపోయింది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాపుల్లో బయాస్ అమరికలు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రపరచి ఉంటుంది. ఆ ఖాతా పాస్‌వర్డు మరిచిపోయినవారికి మాత్రం మేమేమీ చేయలేకపోయాము.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ముగిసింది. ఆ రోజు నుంచి కంప్యూటరే లేవదని భయపడి వచ్చినవారికి, లేస్తుందనీ, భద్రతా అప్‌డేట్లు మాత్రం మామూలుగా రావనీ, 2026 అక్టోబరు 13 వరకు నమోదు చేసుకుని పొడిగించుకునే ఏర్పాటు ఉందనీ వివరించాము. ఆ కంగారులో, విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత డబ్బాలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించుకోబోయి, మధ్యలో కరెంటు పోయి, రెండింటికీ చెడిన ఒక కుర్రవాడికి విండోస్ తిరిగి వేసి ఇచ్చాము.

రాబోయే ఏడాదికి విభాగం కోరుతున్నవి రెండు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో, వానలకు ముందే, ఎర్త్ పరీక్షకు ఎలక్ట్రీషియన్‌ను సంఘం ఖర్చుతో ఇంటింటికీ పంపడం మొదటిది. మన నేల తడి నేల కాబట్టి ఎర్త్ బాగానే ఉంటుందని అందరమూ అనుకుంటాము గాని, అదే తడికి, ఉప్పుకు గొట్టమూ తీగా తుప్పు పట్టి నేల లోపలే తెగిపోయి ఉండడం మా సొంత పెరట్లోనే చూశాను. సీపీయూ రేకును తాకితే జిల్లుమంటోందని చెప్పే సభ్యులు ఆ పరీక్షకు ముందుగా పేరు ఇవ్వాలి. రెండోది, పరీక్షల కోసం ఒక మంచి ఎస్‌ఎంపీఎస్, ఒక జత ర్యామ్ కార్డులు విభాగానికి సొంతంగా ఉండడం. ఇప్పటి దాకా నా ఇంటి కంప్యూటరులోవే విప్పి తెస్తున్నాను, దాంతో ఆదివారాలు మా ఇంట్లో కంప్యూటరు లేవడం లేదు. ఖర్చుల పట్టిక కోశాధికారిగారు చదువుతారు.

తుపాను తరువాతి ఆదివారం నుంచి సభా గది బీరువాలో ఒక నల్ల పవరు కేబులు, కొబ్బరి చెట్టు బొమ్మ ఉన్న ఒక మౌస్ ప్యాడు ఉండిపోయాయి. సొంతదారులు గుర్తు చెప్పి తీసుకువెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
కంప్యూటర్ల సహాయ విభాగం