కాలనీ షిఫ్టు ఉద్యోగినుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ముందుగా తలుపు అట్టల సంగతి. దీనికి చప్పట్లు కొట్టినా నేనేమీ అనుకోను. "నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాను, బెల్ కొట్టకండి" అని రాయించిన అట్టలు 60 ఇళ్ల గుమ్మాలకు తగిలించాం. తిప్పితే వెనకవైపు "లేచాను" అని ఉంటుంది. మొదట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు గ్యాస్ బండి అబ్బాయి కూడా అట్ట చూసి సిలిండర్ పక్కింట్లో దించి వెళ్తున్నాడు. డబ్బు తీసుకోకుండా లామినేషన్ చేసిచ్చిన జిరాక్స్ షాపు తమ్ముడికి, తాళ్లు కట్టిన ఇంటర్ పిల్లలకు కృతజ్ఞతలు. పగటి నిద్ర పనికి చేటు అని కోడల్ని సణిగే అత్తగారొకరు ఇప్పుడు తానే అట్ట తిప్పి, వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపుతున్నారు. ఆమెకు ప్రత్యేకంగా దండం.

ఇంత హడావిడి ఎందుకంటే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకే. ఇళ్ల మధ్య ఆ వేళకు 45 డెసిబెల్స్, పగలు 55 పరిమితి. మన రాత్రేమో ఉదయం 9కి మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే చెత్త ఆటో పాట, దాని వెనకే ఉల్లిగడ్డల బండి మైకు. ఆటోను 8 లోపు పంపమని మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ సారు మీటింగులోనే ఉన్నారు. నాలుగోసారి ఎవరైనా తోడొస్తే వెళ్తాను, ఒంటరిగా మాత్రం వెళ్లను.

ఆరోగ్య శిబిరం. పోయినేడు పదకొండింటికి పెట్టి, ఎవరికోసం పెట్టామో వాళ్లు నిద్రలో ఉండగా ఖాళీ కుర్చీలకు బీపీ చూశాం. ఈసారి ఉదయం 8.45కి పెట్టి, డ్యూటీ దిగి వస్తున్నవాళ్లను దారిలోనే ఆపి ఇడ్లీ పెట్టి కూర్చోబెట్టాం. హాలు నిండింది. డాక్టరమ్మ చెప్పింది గుర్తున్నంత వరకు రాస్తున్నాను. మెదడులో ఒక గడియారం ఉంటుంది, కంట్లో పడే వెలుతురును బట్టి అది నడుస్తుంది. చీకటి పడితే నిద్రకు సాయపడే మెలటోనిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. రాత్రంతా ట్యూబ్‌లైట్ల కింద ఉంటే అది అణిగిపోతుంది. నెలసరి తప్పడం, అసిడిటీ, బరువు, షుగర్, బీపీ, అన్నింటికీ దీనితో ఎంతోకొంత సంబంధం ఉంది. ఆడవాళ్ల గడియారం ఒక చుట్టు తిరగడానికి మగవాళ్ల కంటే సగటున 6 నిమిషాలు తక్కువ తీసుకుంటుందట. ఆ ఆరు నిమిషాలు సరే గానీ, నన్నడిగితే అసలు తేడా వంటింట్లో ఉంది. మగవాళ్లు నైట్ దిగి వచ్చి పడుకుంటారు, మనం క్యారేజీలు కట్టి పడుకుంటాం. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి లేస్తాం.

నైట్ డ్యూటీతో క్యాన్సర్ వస్తుందటగా అని ఒక చెల్లెలు టెన్షన్‌గా అడిగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో దీన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో పెట్టింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. మటన్ లాంటి రెడ్ మీట్ కూడా ఆ వర్గంలోనిదే అని డాక్టరమ్మ అన్నాక హాల్లో కాస్త ఊపిరాడింది. భయంతో ఉద్యోగం మానొద్దు, రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు అన్నారు. కిటికీకి దళసరి దుప్పటి కట్టుకోండి, తెల్లవారుజామున ఆ చివరి టీ మానండి అని కూడా చెప్పారు. దుప్పట్లు కట్టారు. టీ ఎవరూ మానలేదు, నాతో సహా.

షిఫ్టులు మార్నింగ్, మధ్యాహ్నం, నైట్ అనే వరుసలో ముందుకు జరిపితే ఒంటికి తేలిక. ఇదే మాట రెండు ఆసుపత్రుల యాజమాన్యాలను అడిగాం. ఒకచోట స్టాఫ్ లేరన్నారు, ఇంకోచోట టీ ఇచ్చి పంపారు. ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలతో పని చేయించొద్దంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక భద్రత, ఆరోగ్య కోడ్, మన సమ్మతి ఉంటే చేయించవచ్చంది. ఆ సమ్మతి కాగితం చేరేనాడు ఇచ్చే పేపర్ల కట్టలో కలిసి వస్తుంది. చదవకుండా సంతకం పెట్టకండి.

అట్టలు తగిలించడానికి 14 మంది పేర్లిచ్చారు, వచ్చింది ముగ్గురు. పేర్లు చదవను, ఎవరో వాళ్లకే తెలుసు.

జమాఖర్చులు కోశాధికారి చూసి సంతకం చేశారు, కాగితం నోటీసు బోర్డు మీద ఉంది. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు కూడా దాని పక్కనే ఉన్నాయి.

సర్వసభ్య సమావేశం ఆదివారం సాయంత్రం 5 గంటలకు. ఆ రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లు ముందు వరుసలో కూర్చోండి. మీ మాటలే ముందు విని ఆరున్నరకల్లా పంపించేస్తాం.

కార్యదర్శి