యూరప్ గార్డును ఎంచుకోవచ్చా?

సంపాదకులకు,

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో, విలువైన తొలి రౌండు ఎంపికను యూరప్‌కు చెందిన కుర్ర గార్డుపై (బంతిని నడిపించే ఆటగాడిపై) వెచ్చించడం జూదమేనని వాదించేవారు, 2017లో న్యూయార్క్ నిక్స్ ఎనిమిదో స్థానంలో ఫ్రాంక్ నిలికినాను తీసుకుని, పదమూడో స్థానం దాకా మిగిలిన డోనవన్ మిచెల్‌ను వదులుకున్న ఉదంతాన్ని చూపుతారు. అయితే మరుసటి ఏడాదే, రియల్ మాడ్రిడ్‌తో యూరప్ క్లబ్‌ల అగ్రశ్రేణి పోటీ యూరోలీగ్ టైటిల్‌నూ, ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారాన్నీ గెలిచిన లూకా డాన్సిచ్‌ను ఫీనిక్స్, శాక్రమెంటో జట్లు కాదనుకోగా, మూడో స్థానంలో ఎంచుకున్న అట్లాంటా సైతం ట్రే యంగ్‌నూ, మరో తొలి రౌండు ఎంపికనూ తీసుకుని డల్లాస్‌కు ఇచ్చివేసింది.

నిలికినానూ, డాన్సిచ్‌నూ వేరుచేసింది ఖండం కాదు, సీనియర్ జట్టులో బంతిని చేతబట్టి ఆట నడిపిన అనుభవం. యూరప్‌లోని నలభై నిమిషాల మ్యాచ్‌లో, అనుభవజ్ఞుల నడుమ కుర్రవాడికి దక్కే పాయింట్లు సహజంగానే తక్కువగా కనిపిస్తాయి కనుక, స్కౌట్లు సగటుల కంటే పిక్ అండ్ రోల్‌లో (సహచరుడు ప్రత్యర్థికి అడ్డు నిలిచి, ఆపై బుట్టవైపు కదిలే ఎత్తుగడలో) అతని నిర్ణయాలను, రక్షణలో పాదాల చురుకును పరిశీలించాలి. యూరప్ క్లబ్‌తో ఆటగాడికున్న ఒప్పందం చిక్కు వేరే ఉంది: 2009లో ఐదో స్థానంలో ఎంపికైన రికీ రూబియో కోసం మిన్నెసోటా 2011 వరకు ఆగవలసి వచ్చింది. పునర్నిర్మాణంలో ఉన్న జట్టు అలా ఆగగలదు. ఈ సీజన్‌లోనే గార్డు కావలసిన జట్టు మాత్రం, నా అభిప్రాయంలో, ఒప్పందం నుంచి విడుదల ఖాయమయ్యాకే అతని పేరు ప్రకటించాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు